మౌసు ముట్టకుండా బిల్లు: డెస్క్‌టాప్ అప్లికేషన్లలో కీబోర్డు ఇన్‌పుట్‌ను సరిగ్గా అందుకోవడం ఎలా?

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ బాగుందో లేదో తేల్చేది కౌంటరు దగ్గర కూర్చున్న మనిషి. బెంగళూరు చిక్‌పేట, అవెన్యూ రోడ్డు హోల్‌సేల్ అంగళ్లకు హిందూపురం, ధర్మవరం, అనంతపురం వైపు నుంచి వ్యాపారులు వస్తుంటారు. పండగ ముందు రోజుల్లో ఆ కౌంటర్ల దగ్గర నిలబడడానికి చోటుండదు. ఒక చేత్తో చీరలు లెక్కపెడుతూ రెండో చేత్తో నంబర్ ప్యాడ్ కొట్టే మనిషికి మౌసు పట్టుకునే తీరిక ఎక్కడిది? ఆ మనిషి చేతికి కీబోర్డు ఒక్కటే అందుతుంది. అది మన స్క్రీన్‌లో ఎక్కడ తడబడినా క్యూ ఆగిపోతుంది.

అలాంటి స్క్రీన్లు రాసే తెలుగు డెవలపర్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణలు సీ షార్ప్ భాషలో, విండోస్ స్క్రీన్లు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం విన్‌ఫామ్స్‌లో ఉంటాయి. చిన్న అంగళ్లలో ఇప్పటికీ ఎక్కువగా కనబడేవి అవే. అదే పనికి తరువాత వచ్చిన డబ్ల్యూపీఎఫ్ తేడాలు చివర్లో చెబుతాను.

ముందుగా ఒక్క మాట పట్టుకోండి: కీ వేరు, ఆ కీ వల్ల పుట్టే అక్షరం వేరు. సేవ్ చెయ్యి, ప్రింట్ తియ్యి, వెనక్కి పో లాంటి ఆజ్ఞలను కీ దగ్గర పట్టుకోవాలి. పేరు, ధర, అడ్రసు లాంటి రాతను అక్షరం దగ్గర పట్టుకోవాలి. ఈ రెంటినీ కలిపేసిన కోడ్ ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసినంతకాలం బాగానే నడుస్తుంది. తెలుగు లేఅవుట్ (ఏ బటన్‌కు ఏ అక్షరమో చెప్పే అమరిక) పెట్టిన రోజు లోపం బయటపడుతుంది.

అడుగు 1: కోడ్ కంటే ముందు కాగితం

ఏ పనికి ఏ కీ అన్నది ముందు కాగితం మీద రాసి, కౌంటరు మనిషికి చూపించండి. వాళ్ల వేళ్లకు ఇప్పటికే కొన్ని అలవాట్లు ఉంటాయి. మన ఊళ్లో చాలామంది అకౌంట్స్ నేర్చుకున్నది ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మీదే, ఆ కంపెనీ ఉన్నదీ బెంగళూరులోనే. ట్యాలీలో ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఎంటర్ కొడితే తరువాతి గడి. కంట్రోల్ ఏ కొడితే వోచర్ సేవ్ అవుతుంది. అదే కంట్రోల్ ఏ మిగతా విండోస్ ప్రోగ్రాముల్లో మొత్తం రాతను సెలెక్ట్ చేస్తుంది. నా సలహా ఏమిటంటే, బిల్లు స్క్రీన్ వరకు ట్యాలీ అలవాటునే గౌరవించండి. నోట్స్ రాసే పెద్ద పెట్టె ఉన్న స్క్రీన్‌లో మాత్రం దాన్ని సెలెక్ట్ ఆల్‌కే వదిలేయండి.

కొన్ని కీలను ముట్టుకోకండి. ఆల్ట్ ఎఫ్4 విండో మూయడానికి, ఎఫ్1 సహాయానికి, ఎఫ్10 మెనూకు. కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపిన షార్ట్‌కట్లు అసలే వద్దు. కుడివైపు ఆల్ట్‌ను ఆల్ట్‌జీఆర్‌గా వాడే లేఅవుట్లలో విండోస్ ఆ కీని కంట్రోల్ ప్లస్ ఆల్ట్‌గానే చూస్తుంది. ఇంగ్లిష్ ఇండియా లేఅవుట్‌లో రూపాయి గుర్తు ₹ వచ్చేది ఆల్ట్‌జీఆర్ 4తో. మీరు కంట్రోల్ ఆల్ట్ 4ను ఏదో రిపోర్టుకు కట్టేస్తే, ₹ టైప్ చేయబోయిన మనిషి ముందు ఆ రిపోర్టు తెరుచుకుంటుంది.

అడుగు 2: ఒక కీ నొక్కితే లోపల జరిగేది

కీబోర్డు పంపేది స్కాన్ కోడ్, అంటే ఫలానా చోట ఉన్న బటన్ నొక్కారన్న కబురు. విండోస్ దాన్ని వర్చువల్ కీ కోడ్‌గా మారుస్తుంది. ఎంటర్‌కు 13, ఎస్కేప్‌కు 27, ట్యాబ్‌కు 9, ఎఫ్1కు 112. ఆ కోడ్‌తో ఫోకస్ ఉన్న, అంటే అప్పుడు టైపింగ్ అందుకుంటున్న విండోకు కీడౌన్ మెసేజ్ వస్తుంది. తరువాత ఆ క్షణంలో ఉన్న లేఅవుట్‌ను, షిఫ్ట్, క్యాప్స్ లాక్ స్థితిని చూసి, అక్షరం పుట్టేదైతే క్యారెక్టర్ మెసేజ్ విడిగా వస్తుంది. వేలు తీశాక కీఅప్.

విన్‌ఫామ్స్‌లో ఇవే కీడౌన్, కీప్రెస్, కీఅప్ ఈవెంట్లు. బాణం కీలకు, ఎఫ్ కీలకు కీప్రెస్ రాదు, ఎందుకంటే వాటికి అక్షరం లేదు. బ్యాక్‌స్పేస్‌కు మాత్రం 8 అనే కంట్రోల్ అక్షరంగా వస్తుంది. కంట్రోల్ సీ 3గా, కంట్రోల్ వీ 22గా వస్తాయి. ఈ మూడు అంకెలు అడుగు 5లో పనికొస్తాయి.

ఈ ఈవెంట్లకు ముందే ఇంకో దశ ఉంది. కొత్తవాళ్లు తికమక పడేది అక్కడే. కీ మెసేజ్ కంట్రోల్‌కు (ఇక్కడ కంట్రోల్ కీ కాదు, టెక్స్ట్‌బాక్స్, బటన్ లాంటి తెర భాగం) చేరకముందే విన్‌ఫామ్స్ వరసగా మూడు ప్రశ్నలు అడుగుతుంది. ఇది షార్ట్‌కటా? దానికి ప్రాసెస్‌సీఎండీకీ. ఈ కంట్రోల్‌కు ఈ కీ సొంతంగా కావాలా? దానికి ఈజ్‌ఇన్‌పుట్‌కీ. లేదంటే డైలాగ్ నడిపే కీయా? దానికి ప్రాసెస్‌డైలాగ్‌కీ. ట్యాబ్, బాణాలు, ఎంటర్, ఎస్కేప్ చాలాసార్లు ఈ మూడో మెట్టు దగ్గరే ఖర్చయిపోతాయి. బటన్ మీద బాణం కీ నొక్కితే కీడౌన్ ఎందుకు రావడం లేదని గంటలు గంటలు వెతికేవాళ్లకు జవాబు ఇదే. బాణం మీ సొంత కంట్రోల్‌కు కావాలంటే ఈజ్‌ఇన్‌పుట్‌కీని ఓవర్‌రైడ్ చేసి అవునని చెప్పాలి. లేదా ప్రివ్యూకీడౌన్ ఈవెంట్‌లో ఆ మాటే చెప్పవచ్చు.

అడుగు 3: షార్ట్‌కట్లను ఫామ్‌లో ఒకే చోట

ప్రతి టెక్స్ట్‌బాక్స్ కీడౌన్‌లోనూ ఎఫ్8 కోసం వెతకకండి. ఫామ్ కీప్రివ్యూను ఆన్ చేయడం ఒక దారి. అలా చేస్తే లోపలి కంట్రోల్ కంటే ముందు ఫామ్‌కు కబురు వస్తుంది. కానీ డైలాగ్ దశలో ఖర్చయిన కీలు దానికీ అందవు. అందుకే నేను ఫామ్‌లో ప్రాసెస్‌సీఎండీకీనే ఓవర్‌రైడ్ చేస్తాను. కీ కబురు ఫోకస్ ఉన్న కంట్రోల్ నుంచి పైకి వెళుతూ, మధ్యలో ఏదీ దాన్ని వాడేసుకోకపోతే, చివరికి ఫామ్ దగ్గరికి వస్తుంది. ఆల్ట్‌తో కలిపిన కీలు, ఎఫ్10 వేరే రకం సిస్టమ్ మెసేజ్‌గా వచ్చినా ఇక్కడ దొరుకుతాయి. లోపలి రూపం ఇలా ఉంటుంది:

వచ్చింది ఎఫ్8 అయితే, కొత్త సేల్స్ బిల్లు తెరిచి, ట్రూ ఇవ్వు.
వచ్చింది కంట్రోల్ ప్లస్ ఏ అయితే, సేవ్ పిలిచి, ట్రూ ఇవ్వు.
మరేదైనా అయితే, బేస్ క్లాస్‌కు అప్పగించు.

చివరి లైను మరిచిపోతే మెనూ షార్ట్‌కట్లన్నీ మూగబోతాయి. పోల్చేటప్పుడు మాడిఫయర్లతో (షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్) కలిపిన మొత్తం విలువను పోల్చండి. కీ కోడ్ ఒక్కటే చూస్తే, షిఫ్ట్ ఎఫ్8 కొట్టినా ఎఫ్8 పనే జరుగుతుంది.

అడుగు 4: ఎంటర్

ఎంటర్ ఒక్కటి కుదిరితే కౌంటరులో సగం టెన్షన్ పోతుంది. ఫామ్‌కు యాక్సెప్ట్‌బటన్ పెట్టి ఉంటే, సింగిల్ లైన్ టెక్స్ట్‌బాక్స్‌లో ఎంటర్ కొట్టినప్పుడు ఆ బటనే క్లిక్ అవుతుంది, టెక్స్ట్‌బాక్స్ కీడౌన్ రానే రాదు. కాబట్టి ఎంటర్‌తో తరువాతి గడికి వెళ్లాల్సిన స్క్రీన్‌లో యాక్సెప్ట్‌బటన్ పెట్టకండి. కీడౌన్‌లో ఎంటర్ చూసి, సెలెక్ట్‌నెక్స్ట్‌కంట్రోల్ పిలిచి, సప్రెస్‌కీప్రెస్‌ను ట్రూ చేయండి. హ్యాండిల్డ్ ఒక్కటి ట్రూ చేస్తే దాని వెనకాల వచ్చే అక్షరం ఆగదు. సింగిల్ లైన్ పెట్టెలో అది టింగ్‌మని మోగుతుంది. రోజంతా ఆ మోత వింటూ పనిచేయడం ఎవరికైనా నరకమే. ఈ చిన్న ప్రాపర్టీని అందుకే నిర్లక్ష్యం చేయవద్దంటాను.

ఇంకో ప్రమాదం ఎంటర్‌ను నొక్కి పట్టుకోవడం. కీ నొక్కి ఉంచితే విండోస్ కీడౌన్‌ను మళ్లీ మళ్లీ పంపుతుంది. చివరి గడిలో ఎంటర్‌కు సేవ్ కట్టి ఉంటే, వేలు ఒక్క క్షణం ఆలస్యంగా తీసినా ఒకే బిల్లు రెండుసార్లు పడవచ్చు. విన్‌ఫామ్స్ కీడౌన్ ఈవెంట్‌లో ఇది రిపీటా కాదా అని చెప్పే ప్రాపర్టీ లేదు. ప్రాసెస్‌సీఎండీకీకి వచ్చే మెసేజ్‌లో మాత్రం ఎల్‌పారామ్ ఉంటుంది. సున్నా నుంచి లెక్కపెడితే దాని 30వ బిట్ 1గా ఉన్నప్పుడు కీ అంతకుముందే కింద ఉన్నట్టు. సేవ్, ప్రింట్ లాంటి పనులకు ఆ బిట్ చూసి రిపీట్‌ను వదిలేయండి. అంతటితో ఆగకండి. బిల్లు తెరిచినప్పుడే దానికి ఒక ప్రత్యేక ఐడీ ఇచ్చి, డేటాబేస్‌లో యూనిక్ నిబంధన పెట్టండి. డబ్బుకు సంబంధించిన చోట రెండు తాళాలు ఉండాలి.

సరుకుల పట్టిక, అంటే డేటాగ్రిడ్‌వ్యూ, ఎంటర్‌కు కిందికి దిగుతుంది. కౌంటరు మనిషికి కావాల్సింది పక్క గడి: కోడ్ తరువాత మీటర్లు, మీటర్ల తరువాత ధర. గ్రిడ్ నుంచి ఒక సబ్‌క్లాస్ తీసి రెండు చోట్ల ఎంటర్‌ను పట్టుకోవాలి. గడిలో టైప్ చేస్తున్నప్పుడు వచ్చేది ప్రాసెస్‌డైలాగ్‌కీకి, టైప్ చేయకుండా గడి మీద నిలబడి ఉన్నప్పుడు వచ్చేది ప్రాసెస్‌డేటాగ్రిడ్‌వ్యూకీకి. ఒక్కచోటే రాస్తే, ఎంటర్ ఒకసారి పక్కకి, ఒకసారి కిందికి పోతుంది. గడిలోని అక్షరాలను వడకట్టడానికి ఎడిటింగ్‌కంట్రోల్‌షోయింగ్ వాడితే, హ్యాండ్లర్‌ను ముందు తీసేసి తరువాత తగిలించండి. గ్రిడ్ ఒకే టెక్స్ట్‌బాక్స్‌ను మళ్లీ మళ్లీ వాడుతుంది కాబట్టి, తీయకుండా తగిలిస్తూ పోతే హ్యాండ్లర్లు పోగుపడతాయి.

అడుగు 5: అంకెల గడి

పై వరస అంకెల కీ కోడ్‌లు 48 నుంచి 57. నంబర్ ప్యాడ్‌వి 96 నుంచి 105. కీడౌన్‌లో మొదటి వరసనే అనుమతిస్తే, కౌంటరు మనిషి వాడే ప్యాడ్ మొత్తం చచ్చుబడిపోతుంది. చుక్కకూ ఇదే గొడవ: ప్యాడ్‌లో 110, అక్షరాల వైపు 190. ధర రాత కాబట్టి కీ కోడ్ జోలికే పోకండి. కీప్రెస్‌లో వచ్చిన అక్షరాన్ని చూడండి.

అక్కడ కూడా రెండు జాగ్రత్తలు. కంట్రోల్ అక్షరాలను వదిలేయండి. లేకపోతే 8 ఆగిపోయి బ్యాక్‌స్పేస్ పనిచేయదు, 3, 22 ఆగిపోయి కాపీ పేస్ట్ పోతాయి. ఇక క్యార్ క్లాస్‌లోని ఈజ్‌డిజిట్ మీద ఆధారపడకండి. అది ౫ లాంటి తెలుగు అంకెనూ అంకె అనే ఒప్పుకుంటుంది, కానీ డెసిమల్ పార్స్ దాన్ని చదవలేక ఎక్సెప్షన్ విసురుతుంది. 0 నుంచి 9 వరకు నేరుగా పోల్చండి. లేదా తెలుగు అంకెలను కూడా తీసుకుని, మీరే మార్చుకోండి. మార్చుకోవడం పెద్ద పని కాదు, వాడేవాళ్లకు గౌరవంగానూ ఉంటుంది.

కీప్రెస్‌లో ఎంత వడకట్టినా, మౌసు కుడి క్లిక్ పేస్ట్ దాన్ని తప్పించుకుంటుంది. చివరి తనిఖీ ఎప్పుడూ వాలిడేటింగ్ ఈవెంట్‌లోనే జరగాలి.

అడుగు 6: తెలుగు పేర్ల గడి

ఈ ఒక్క భాగం మాత్రం నెమ్మదిగా చదవండి. చిక్‌పేట వైపు ఒక అంగడిలో పాత సాఫ్ట్‌వేర్ వాడుతున్న హిందూపురం అమ్మాయి నాతో, “అన్నా, పార్టీ పేరు కొడితే ఒత్తులు, గుణింతాలు అన్నీ ఎగిరిపోతాండాయి” అంది. “ఏదీ, ఇంకొకసారి కొట్టి చూపించమ్మా” అన్నాను. భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో శ్రీనివాస్ అని కొట్టింది. పెట్టెలో శరనవస అని పడింది.

కారణం ఏమిటంటే, ఆ గడిలో అక్షరాలు మాత్రమే రావాలని ఎవరో ఈజ్‌లెటర్ తనిఖీ పెట్టారు. యూనికోడ్ లెక్కలో శ, ర, న, వ, స అక్షరాలు. పొల్లు, గుడి, దీర్ఘాలు అక్షరాలు కావు, అవి మార్కులు అనే వేరే తరగతి. శ్రీనివాస్ అంటే శ, ్, ర, ీ, న, ి, వ, ా, స, ్ అని పది కోడ్ పాయింట్లు. ఒక్కో కీకి ఒక్కోటి వస్తుంటే ఆ తనిఖీ ఐదింటిని మింగేసింది. సున్నా (ం) కూడా మార్కే. కాబట్టి వెంకటేశ్ పేరూ బతకదు. పేర్ల గడిలో ఒక్కో అక్షరాన్ని వడకట్టే ఆలోచనే మానుకోండి. తప్పనిసరైతే అక్షరాలతో పాటు మార్కుల తరగతులను, ఖాళీని, చుక్కను, కంట్రోల్ అక్షరాలను అనుమతించండి. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన వరస 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు.

మ్యాక్స్‌లెంగ్త్ కూడా ఈ లెక్కనే నడుస్తుంది. స్త్రీ మన కంటికి ఒక్క అక్షరం, దానికి ఆరు. పేరుకు 20 పెట్టి సరిపోతుందనుకుంటే, ఇంటిపేరుతో కలిపి రాసేవాళ్ల పేరు మధ్యలో తెగిపోతుంది. 100 పెట్టండి, డేటాబేస్ కాలమ్ కూడా యూనికోడ్ రకమే ఉండాలి.

విండోస్ 10లో 2019 నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది. ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో కొడితే తెలుగు మాట తయారవుతుంది. ఇలా కొట్టిన కీలను మాటగా మార్చే సాధనాన్ని ఐఎంఈ అంటారు. అది మాటను కూరుస్తున్నప్పుడు కీడౌన్‌లో అసలు కీ బదులు 229 అనే ప్రాసెస్‌కీ రావచ్చు. ఎంటర్ ఆ సమయంలో మాటను ఖాయం చేయడానికి. కీఅప్‌లో మాత్రం అసలు కీయే కనబడుతుంది. అందుకే ఎంటర్ పనిని కీఅప్‌లో రాయకండి. రాస్తే పేరు పూర్తికాకముందే ఫోకస్ తరువాతి గడికి దూకుతుంది. కస్టమర్ పేరు వెతికే జాబితా ఉంటే, దాన్ని కీలతో కాకుండా టెక్స్ట్‌చేంజ్డ్‌తో నడపండి. ఏ లేఅవుట్‌లో కొట్టినా, పేస్ట్ చేసినా అది పనిచేస్తుంది.

అడుగు 7: బార్‌కోడ్ స్కానర్ కూడా కీబోర్డే

బెంగళూరు ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు యూఎస్‌బీ స్కానర్లు కంప్యూటర్‌కు కీబోర్డులాగే పరిచయం చేసుకుంటాయి. కోడ్ చదివి, కీలు నొక్కినట్టు పంపి, చివర ఎంటర్ కొడతాయి. ఇక్కడ అడుగు 2 గుర్తు చేసుకోండి. స్కానర్ పంపేది కూడా బటన్ల చోట్లే, వాటిని అక్షరాలుగా మార్చేది అప్పటి లేఅవుట్. కౌంటరు మనిషి పార్టీ పేరు తెలుగులో రాసి, లేఅవుట్ మార్చకుండా స్కాన్ చేస్తే, స్టిక్కర్ మీద పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న కే, ఏ అనే రెండూ తెరమీద ఖఓగా వస్తాయి. కంపెనీ సరుకుల మీద 890తో మొదలయ్యే 13 అంకెల కోడ్‌లో అక్షరాలే ఉండవు కాబట్టి అక్కడ ఇది బయటపడదు. అంగడివాళ్లు సొంతంగా ముద్రించే స్టిక్కర్లలోనే బయటపడుతుంది. సరుకు దొరకలేదన్న మెసేజ్ చూసి స్కానర్ చెడిపోయిందనుకుంటారు.

మందు ఇది: కోడ్ గడి ఎంటర్ ఈవెంట్‌లో (ఎంటర్ కీ కాదు, ఫోకస్ గడిలోకి వచ్చినప్పుడు పుట్టేది) ఇన్‌పుట్‌లాంగ్వేజ్‌ను ఇంగ్లిష్‌కు, పేరు గడిలో తెలుగుకు మార్చండి. గడి వదిలేటప్పుడు మనిషి ఏది వాడుతున్నారో దానికే తిరిగి పెట్టండి. తెలుగు లేఅవుట్ ఆ కంప్యూటర్‌లో ఉందో లేదో ఇన్‌స్టాల్డ్ జాబితాలో ముందు చూసుకోవాలి.

ఫోకస్ వేరే గడిలో ఉండగా స్కాన్ చేస్తే ఆ కోడ్ అక్కడే పడుతుంది. ధర గడిలో పడితే ప్రమాదం. కీల మధ్య వ్యవధిని కొలిచి స్కానరో మనిషో ఊహించే పద్ధతి చాలామంది వాడతారు, నాకు దాని మీద నమ్మకం లేదు. వేగంగా కొట్టే వేళ్లు, నెమ్మదైన కంప్యూటర్ రెండూ దాన్ని మోసం చేస్తాయి. స్కానర్ సెట్టింగ్‌లో వర్చువల్ కామ్ పోర్ట్ (సీరియల్ పోర్ట్) మోడ్ ఉంటే దానికి మారండి. అప్పుడు కోడ్ కీబోర్డు దారిలో రానే రాదు, లేఅవుట్ గొడవా ఉండదు. ఆ మోడ్ లేకపోతే విండోస్ రా ఇన్‌పుట్ ఏపీఐతో ఏ పరికరం నుంచి కీ వచ్చిందో తెలుసుకోవచ్చు. పని ఎక్కువే, కానీ ఊహ కాదు.

అడుగు 8: ట్యాబ్ వరస, ఫోకస్

ట్యాబ్‌ఇండెక్స్‌ను బిల్లు రాసే వరసలోనే పెట్టండి, చదవడానికి మాత్రమే ఉన్న టోటల్ గడులకు ట్యాబ్‌స్టాప్ తీసేయండి. ఎంటర్‌తో నడుస్తోంది కదా అని ట్యాబ్‌ను చంపవద్దు. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ట్యాబే దారి. ఎన్‌వీడీఏ ఇన్సర్ట్ కీని తన మాడిఫయర్‌గా వాడుకుంటుంది కాబట్టి ఇన్సర్ట్‌కు ఏ పనీ కట్టకండి. ఏ గడిలోకి వెళ్లినా కీబోర్డుతోనే బయటికి రాగలగాలి. సొంతంగా గీసుకున్న కంట్రోల్ అయితే ఫోకస్ ఉన్నట్టు గీత కనబడాలి. ఎండ పడే కౌంటరులో పలుచని చుక్కల గీత కనిపించదు, రంగు మార్చండి.

డబ్ల్యూపీఎఫ్‌లో తేడాలు

అక్కడ ప్రివ్యూకీడౌన్ విండో నుంచి కిందికి దిగుతుంది, కీడౌన్ కంట్రోల్ నుంచి పైకి ఎక్కుతుంది. టెక్స్ట్‌బాక్స్ బాణాలు, బ్యాక్‌స్పేస్ లాంటివాటిని తానే వాడేసుకుంటుంది కాబట్టి అవి కావాలంటే ప్రివ్యూలోనే పట్టుకోవాలి. అక్షరాల కోసం ప్రివ్యూటెక్స్ట్‌ఇన్‌పుట్ ఉంది. స్పేస్ మాత్రం టెక్స్ట్‌బాక్స్‌లో ఆ దారిన రాదు, దాన్ని ప్రివ్యూకీడౌన్‌లో చూడాలి. పేస్ట్‌కు విడిగా పేస్టింగ్ హ్యాండ్లర్ పెట్టాలి. ఆల్ట్‌తో కొట్టినప్పుడు కీ విలువ సిస్టమ్ అని ఉంటుంది, అసలు కీ సిస్టమ్‌కీ ప్రాపర్టీలో ఉంటుంది. ఈజ్‌రిపీట్ ఇక్కడ నేరుగా దొరుకుతుంది, 30వ బిట్ కోసం వెతకనక్కర్లేదు.

అడుగు 9: పరీక్ష

మౌసు వైరు పీకేసి ఒక బిల్లు మొదటి నుంచి ప్రింట్ వరకు కొట్టండి. తరువాత పార్టీ పేరు శ్రీనివాస్ అని ఇన్‌స్క్రిప్ట్‌లో ఒకసారి, ఫొనెటిక్‌లో ఒకసారి రాయండి. తెలుగు లేఅవుట్ ఉండగానే అక్షరాలున్న స్టిక్కర్‌ను స్కాన్ చేయండి. ధర గడిలో ప్యాడ్‌తో చుక్క కొట్టండి, ౫ పేస్ట్ చేయండి, నమ్ లాక్ తీసేసి అంకెలు నొక్కి చూడండి. నమ్ లాక్ పోతే ప్యాడ్ హోమ్, ఎండ్, బాణాలుగా మారి కర్సర్ అటూ ఇటూ పరుగెడుతుంది. స్క్రీన్ మూలన నమ్ లాక్ స్థితిని చూపిస్తే ఆ అయోమయం తగ్గుతుంది. సేవ్ దగ్గర ఎంటర్‌ను నొక్కి పట్టుకుని, డేటాబేస్‌లో ఎన్ని బిల్లులు పడ్డాయో లెక్కపెట్టండి. ఇవన్నీ మీ బల్ల మీద అయ్యాక, రద్దీ లేని మధ్యాహ్నం వేళ అంగడికి వెళ్లి, కౌంటరు మనిషిని మామూలుగా పనిచేసుకోమని చెప్పి పక్కన కూర్చోండి. వాళ్ల చెయ్యి కీబోర్డు వదిలి మౌసు వైపు వెళ్లిన ప్రతిసారీ ఏ గడి దగ్గర వెళ్లిందో రాసుకుని రండి.